వెండి పూత ఒకచోట పనిచేసి మరోచోట ఎందుకు విఫలమైంది? శరీరంలో అమర్చే పరికరాల ఇన్ఫెక్షన్లను ఆపే మార్గాల పోలిక

వెండి పూత పూసిన శ్వాస గొట్టం వెంటిలేటర్ మీద ఉన్న రోగుల్లో న్యుమోనియాను తగ్గించిందని 2008లో ఒక పెద్ద ట్రయల్ (రోగులను గుంపులుగా చేసి పోల్చే పరీక్ష) తేల్చింది. నాలుగేళ్ల తరువాత బ్రిటన్‌లో వెండి పూత ఉన్న మూత్ర గొట్టాలను పరీక్షిస్తే, మామూలు గొట్టాలకూ వాటికీ తేడా కనిపించలేదు. 2019లో మెదడులో చేరే నీటిని కడుపులోకి మళ్లించే షంట్‌ల వంతు వచ్చింది. అక్కడా వెండి వల్ల ఒరిగిందేమీ లేదు. కానీ అదే షంట్ ట్రయల్‌లో యాంటీబయోటిక్ నింపిన గొట్టం ఇన్ఫెక్షన్లను మూడో వంతుకు తగ్గించింది. ఇక నెలలు నిండని శిశువులకు రక్తనాళంలోకి పెట్టే సన్నని గొట్టాల్లోకి (వీటినే లైన్లు అంటారు) వచ్చేసరికి మందు పట్టించిన గొట్టం కూడా ఏమీ చేయలేకపోయింది.

ఈ ఫలితాలను పక్కపక్కన పెట్టుకుని చూసిన వారెవరూ "ఏ పూత మంచిది?" అని అడగలేరు. ఏ పరికరానికి, ఎన్నాళ్లకు, ఎలాంటి రోగికి అని అడిగితేనే ఆ ప్రశ్నకు జవాబు ఉంటుంది. ఆసుపత్రిలో కొనుగోళ్లు, ఇన్ఫెక్షన్ నియంత్రణ చూసేవారు, త్వరలో కీలు మార్పిడికో పేస్‌మేకర్‌కో సిద్ధమవుతున్నవారు, ఈ రంగంలో పరిశోధనాంశం వెతుక్కుంటున్న విద్యార్థులు ఈ ముగ్గురినీ దృష్టిలో పెట్టుకుని ఈ పోలిక రాస్తున్నాను. ముగ్గురి అవసరాలు వేరు కాబట్టి ముగ్గురికీ ఒకే సలహా ఇవ్వలేను.

## పరికరం మీద క్రిమికి అంత బలం ఎక్కడిది?

1957లో ఎలెక్, కోనెన్ అనే ఇద్దరు పరిశోధకులు స్వచ్ఛందంగా ముందుకొచ్చిన వారి చర్మంలోకి స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియాను ఎక్కించి చూశారు. ఉత్త చర్మంలో చీము పట్టాలంటే లక్షల సంఖ్యలో క్రిములు కావలసి వచ్చింది. అక్కడ ఒక కుట్టుదారం ఉంటే మాత్రం కొన్ని వందలే సరిపోయాయి. పరాయి వస్తువు ఒంట్లో ఉండడమే రోగనిరోధక శక్తిని ఆ చోట ఎంతగా కుంగదీస్తుందో ఆ ప్రయోగం చెప్పింది.

పరికరం లోపలికి వెళ్లిన నిమిషాల్లోనే ఫైబ్రినోజెన్, ఫైబ్రోనెక్టిన్ వంటి ప్రోటీన్లు దాన్ని కప్పేస్తాయి. బ్యాక్టీరియా ఎక్కువగా పట్టుకునేది ఆ ప్రోటీన్ పొరనే. కింద ఉన్న లోహమో సిలికోనో వాటికి దాదాపు కనిపించదు. పట్టు దొరికాక జిగట పదార్థాన్ని స్రవించి అందులో గుంపుగా స్థిరపడతాయి. బయోఫిల్మ్ అంటున్నది ఆ గూటినే. విడిగా తేలే క్రిమిని చంపే మోతాదుకు వందల రెట్లు, కొన్నిసార్లు వెయ్యి రెట్లు మందు వేసినా ఈ గూటిలోని క్రిములు బతకగలవు. అంత మోతాదు మనిషికి ఇవ్వలేం. అందుకే పాతుకుపోయిన ఇన్ఫెక్షన్‌కు తరచుగా పరికరాన్ని బయటికి తీయడమే చికిత్స అవుతుంది. తుంటి కీలు విషయంలో అది ఒకటి రెండు పెద్ద శస్త్రచికిత్సలు, నెలల తరబడి మంచం. నివారణ మీద ఇంత పరిశోధన జరగడానికి కారణం ఇదే.

1987లో ఆంథొనీ గ్రిస్టినా ఈ పరిస్థితిని ఉపరితలం కోసం సాగే పరుగుపందెంగా వర్ణించాడు. శరీర కణాలు ముందుగా పరికరాన్ని ఆక్రమిస్తే క్రిమికి చోటు ఉండదు. క్రిమి ముందు చేరితే కణాలకు చోటు ఉండదు. ఇప్పటికీ కొత్త పూతల పరిశోధన చాలావరకు ఈ ఊహ చుట్టూనే తిరుగుతోంది.

## ఎంచుకునే ముందు చూడవలసినవి

క్రిమి ఎప్పుడు, ఏ దారిన వస్తుంది? నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇది. కృత్రిమ కీలు, పేస్‌మేకర్, షంట్ వంటి వాటికి కాలుష్యం ఎక్కువగా శస్త్రచికిత్స సమయంలోనే, రోగి చర్మం నుంచో థియేటర్ గాలి నుంచో అంటుతుంది. మొదటి కొన్ని రోజులు కాపు కాస్తే సగం పోరు గెలిచినట్టే. మూత్ర గొట్టం కథ పూర్తిగా వేరు. అది ఉన్న ప్రతి రోజూ మూత్రంలో బ్యాక్టీరియా చేరే అవకాశం 3 నుంచి 7 శాతం. మూడు రోజుల్లో కరిగిపోయే మందు పదో రోజున ఎందుకూ పనికిరాదు. మందులు ఎక్కించడానికి పెద్ద రక్తనాళంలో పెట్టే గొట్టమైన సెంట్రల్ లైన్‌లో రెండు దారులూ ఉన్నాయి: మొదటి వారం పది రోజులు చర్మం నుంచి గొట్టం వెలుపలి గోడ వెంట, ఆ తరువాత మందు ఎక్కించే మూత దగ్గరి నుంచి లోపలి గోడ వెంట.

రుజువు ఏ మెట్టు మీద ఉంది? కింది మెట్టు ప్రయోగశాల పళ్లెం. తరువాత జంతువు. ఆ పైన, తీసిన పరికరం కొనను కల్చర్ చేస్తే, అంటే దాని మీది క్రిములను ప్రయోగశాలలో పెంచి చూస్తే, అవి తగ్గాయా అన్నది. దాని పైన, రోగికి నిజంగా ఇన్ఫెక్షన్ తగ్గిందా అన్నది. అన్నిటికన్నా పైన మరణాలు, మళ్లీ శస్త్రచికిత్సలు తగ్గాయా అన్నది. అమ్మకపు పత్రాల్లో కనిపించే "99.9 శాతం బ్యాక్టీరియాను చంపుతుంది" అన్న మాట చాలావరకు కింది మెట్టుదే. తరచుగా ఉదహరించే ఐఎస్‌ఓ 22196 పరీక్షలో ఉపరితలం మీద క్రిములున్న ద్రవాన్ని పలుచగా పరిచి 24 గంటలు ఉంచి లెక్కిస్తారు. అక్కడ రక్తం లేదు, ప్రోటీన్ పొర లేదు, ప్రవాహం లేదు, బయోఫిల్మ్ కూడా లేదు.

మొదట్లో ఉన్న ముప్పు ఎంత? ఇన్ఫెక్షన్‌ను సగానికి తగ్గిస్తుందంటే వినడానికి ఘనంగానే ఉంటుంది. వంద మందిలో ఆరుగురికి సోకే చోట అది ముగ్గురిని కాపాడుతుంది. వెయ్యి మందిలో నలుగురికి సోకే చోట ఇద్దరిని కాపాడుతుంది, మిగతా 998 మందికి ఖర్చు మాత్రం మిగులుతుంది.

దాని మూల్యం ఏమిటి? డబ్బుతో పాటు మందుకు లొంగని క్రిములు పెరగడం, అలర్జీ, రోగికి అసౌకర్యం కూడా లెక్కలోకి రావాలి. క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారకం పట్టించిన లైన్ల వల్ల తీవ్రమైన అలర్జీ ప్రతిచర్యలు వచ్చి 1997లో జపాన్ వాటి వాడకాన్ని ఆపింది. మరుసటి ఏడాది అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది. ఇలాంటివి అరుదే, కానీ ఒక్క రోగికి జరిగినా ప్రాణాపాయమే.

## మార్గం 1: పద్ధతిని మార్చడం

2006లో వెలువడిన మిషిగన్ అధ్యయనం ఈ రంగంలో మైలురాయి. పీటర్ ప్రొనోవోస్ట్ బృందం వందకు పైగా ఐసీయూల్లో ఐదు పనులు పట్టుబట్టి చేయించింది: చేతులు కడుక్కోవడం, లైన్ పెట్టేటప్పుడు గౌను, మాస్కు, గ్లవ్స్‌తో పాటు రోగి ఒంటినంతా కప్పే శుభ్రమైన వస్త్రం, చర్మానికి క్లోర్‌హెక్సిడిన్, వీలైనంతవరకు తొడ దగ్గరి రక్తనాళాన్ని వాడకపోవడం, అవసరం తీరిన లైన్‌ను వెంటనే తీసేయడం. డాక్టరు ఏదైనా వదిలేస్తే ఆపే అధికారాన్ని నర్సుకు ఇచ్చారు. వెయ్యి కాథెటర్ రోజులకు (ఒక రోగికి ఒక రోజు గొట్టం ఉంటే ఒక కాథెటర్ రోజు) సగటున 7.7 ఉన్న రక్త ఇన్ఫెక్షన్లు ఏడాదిన్నరకు 1.4కు దిగాయి. కొత్త పదార్థం ఒక్కటీ లేదు.

అయితే ఆ అధ్యయనంలో పోల్చి చూడడానికి వేరే గుంపు లేదు. ముందు ఎంత, తరువాత ఎంత అన్నదే కొలిచారు. ఇంగ్లండ్ అదే కార్యక్రమాన్ని దేశవ్యాప్తంగా నడిపినప్పుడు ఇన్ఫెక్షన్లు బాగా తగ్గాయి గానీ, కార్యక్రమం ఇంకా మొదలుపెట్టని ఐసీయూల్లో కూడా తగ్గుతూ కనిపించాయి. అంటే కాలంతో వచ్చిన మార్పు ఎంత, కార్యక్రమం తెచ్చిన మార్పు ఎంత అని విడదీయడం కష్టం. ఇది తెలిసి కూడా నేను పద్ధతినే మొదటి స్థానంలో ఉంచుతాను. ఎందుకంటే దానిలోని కొన్ని భాగాలకు విడిగా గట్టి రుజువులు ఉన్నాయి. 2015లో ఫ్రాన్స్‌లో జరిగిన ట్రయల్‌లో, చర్మాన్ని ఆల్కహాల్‌లో కలిపిన పోవిడోన్ అయోడిన్‌తో శుభ్రం చేస్తే వెయ్యి కాథెటర్ రోజులకు 1.77 ఇన్ఫెక్షన్లు వచ్చాయి. ఆల్కహాల్‌లో కలిపిన 2 శాతం క్లోర్‌హెక్సిడిన్‌తో 0.28 మాత్రమే. ఒక సీసా మార్చినంత మాత్రాన వచ్చిన తేడా ఇది. ఇంత ఫలితం చూపిన ఖరీదైన పూతలు అరుదు.

రోగి వైపు నుంచి చేసే సన్నాహం కూడా ఇందులోకే వస్తుంది. ముక్కులో స్టెఫైలోకాకస్ ఆరియస్ మోసుకు తిరిగేవారిని ముందే గుర్తించి మ్యుపిరోసిన్ లేపనం, క్లోర్‌హెక్సిడిన్ సబ్బు ఇస్తే ఆసుపత్రిలో ఆ క్రిమి వల్ల వచ్చే ఇన్ఫెక్షన్ 7.7 శాతం నుంచి 3.4 శాతానికి తగ్గిందని 2010 నాటి నెదర్లాండ్స్ ట్రయల్ చూపింది.

మూత్ర గొట్టాల విషయంలో పద్ధతి సగం చోట్లే ఫలించింది. అమెరికాలో 603 ఆసుపత్రుల్లో నడిచిన కార్యక్రమంలో సాధారణ వార్డుల్లో ఇన్ఫెక్షన్లు తగ్గాయి, ఐసీయూల్లో తగ్గలేదు. వార్డులో చాలా గొట్టాలు అవసరం లేకుండానే ఉంటాయి, తీసేయవచ్చు. ఐసీయూలో తీయలేం. ఈ మార్గం బలమూ బలహీనతా రెండూ అక్కడే ఉన్నాయి. అది మనుషుల క్రమశిక్షణ మీద ఆధారపడుతుంది. సిబ్బంది మారినప్పుడు, రాత్రి షిఫ్టులో ఒక్క నర్సే మిగిలినప్పుడు అది సడలుతుంది.

## మార్గం 2: యాంటీబయోటిక్ పట్టించిన పరికరాలు

రుజువు పుష్కలంగా ఉన్నది, వాదన ఎక్కువగా జరిగేది కూడా ఈ మార్గం మీదే.

షంట్‌లతో మొదలుపెడదాం. బ్రిటన్, ఐర్లండ్‌లలో సుమారు 1600 మంది మీద జరిగిన బేసిక్స్ ట్రయల్‌లో మామూలు షంట్‌కు 6 శాతం, వెండి షంట్‌కు 6 శాతం, రిఫాంపిసిన్, క్లిండామైసిన్ పట్టించిన షంట్‌కు 2 శాతం ఇన్ఫెక్షన్ వచ్చింది. పాతిక మందికి వాడితే ఒక ఇన్ఫెక్షన్ ఆగుతుంది. మెదడుకు సంబంధించిన ఇన్ఫెక్షన్ ఎంత ప్రమాదకరమో తలచుకుంటే ఇది చాలా మంచి బేరం. షంట్ మూసుకుపోవడం వంటి ఇతర కారణాలతో జరిగే మళ్లీ శస్త్రచికిత్సలు మాత్రం తగ్గలేదు. అన్ని కారణాలూ కలిపితే మూడు గుంపుల్లోనూ పావు వంతు మందికి మళ్లీ ఆపరేషన్ తప్పలేదు.

పేస్‌మేకర్, డీఫిబ్రిలేటర్ (గుండె లయ తప్పితే షాక్ ఇచ్చే పరికరం)లను చుట్టి పెట్టే మందు సంచి తరువాతిది. మినోసైక్లిన్, రిఫాంపిసిన్ నింపిన ఈ కరిగే వలను దాదాపు ఏడు వేల మంది మీద పరీక్షించారు. ఏడాదిలో పెద్ద ఇన్ఫెక్షన్ 1.2 శాతం నుంచి 0.7 శాతానికి తగ్గింది. శాతాల్లో చూస్తే 40 శాతం తగ్గుదల, మనుషుల్లో చూస్తే రెండు వందల మందికి ఒకరు. పైగా ఆ ట్రయల్‌లో చేర్చుకున్నది బ్యాటరీ మార్పు, పాత పరికరాన్ని మళ్లీ తెరవడం వంటి ఎక్కువ ముప్పు ఉన్నవారిని. మొదటిసారి సాధారణ పేస్‌మేకర్ పెట్టించుకునే వ్యక్తికి ముప్పు ఇంకా తక్కువ, కాబట్టి లాభమూ తక్కువే. అందరికీ ఈ సంచి వాడాలనే వాదనను నేను ఒప్పుకోను. ముప్పు ఎక్కువ ఉన్నవారిని ఎంచి వాడడమే సబబు.

దీనికి పోటీగా మరో ఆలోచన ఉంది: సంచి ఎందుకు, శస్త్రచికిత్స ముందు తరువాత మరిన్ని యాంటీబయోటిక్‌లు ఇస్తే చాలదా? కెనడా నాయకత్వంలో 19,603 మంది మీద దాన్నీ పరీక్షించారు. మామూలు పద్ధతిలో 1.03 శాతం, అదనపు మందులతో 0.78 శాతం మందికి ఇన్ఫెక్షన్ వచ్చింది, ఆ తేడా గణాంకపరంగా నిలవలేదు. మందు ఎక్కువగా ఇవ్వడం కన్నా మందు సరైన చోట ఉండడం ముఖ్యమని ఈ రెండు ట్రయల్స్‌ను పక్కపక్కన పెడితే నాకు అనిపిస్తుంది.

సెంట్రల్ లైన్ల దగ్గర చిత్రం చిక్కుబడుతుంది. 57 అధ్యయనాలు, 16,784 కాథెటర్‌లను కలిపి చూసిన 2016 నాటి కోక్రేన్ (వైద్య రుజువులను సమీక్షించే సంస్థ) సమీక్ష ప్రకారం మందు పట్టించిన లైన్లు రక్త ఇన్ఫెక్షన్లను వందకు రెండు చొప్పున తగ్గించాయి. లాభం స్పష్టంగా కనిపించింది ఐసీయూల్లోనే. మరణాలు తగ్గలేదు, సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా దెబ్బతీసే స్థితి) తగ్గలేదు. పిల్లల ఐసీయూల్లో జరిగిన బ్రిటన్ ట్రయల్‌లో రిఫాంపిసిన్, మినోసైక్లిన్ లైన్ ఉన్నవారిలో 1.4 శాతానికి, మామూలు లైన్ ఉన్నవారిలో 3.6 శాతానికి రక్త ఇన్ఫెక్షన్ సోకింది. అదే పరిశోధక బృందం 861 మంది నవజాత శిశువుల్లో రిఫాంపిసిన్, మైకొనజోల్ పట్టించిన సన్నని లైన్‌ను పరీక్షిస్తే మందు లైన్‌తో 11 శాతం, మామూలుదానితో 10 శాతం, లాభం శూన్యం. పైగా లైన్ కొనల్లో దొరికిన క్రిముల్లో రిఫాంపిసిన్‌కు లొంగనివి పెరిగాయి. పెద్ద పిల్లల్లో పనిచేసింది గనుక పసికందుల్లోనూ చేస్తుందని అనుకుని ట్రయల్ చేయకుండానే కొనేసి ఉంటే? ఈ ప్రశ్నను కొనుగోలు కమిటీలు గోడ మీద రాసుకోవాలి.

## మార్గం 3: వెండి

వెండికి ఒక ఆకర్షణ ఉంది. అది యాంటీబయోటిక్ కాదు, ఎన్నో రకాల క్రిములను చంపుతుంది, పేరు వినగానే నమ్మకం కలుగుతుంది. కానీ వెండి పనిచేయాలంటే దాని అయాన్లు తగినంతగా విడుదల కావాలి. శరీర ద్రవాల్లోని క్లోరైడ్, ప్రోటీన్లు వాటిని పట్టేసుకుంటాయి. శ్వాస గొట్టం ట్రయల్‌లో న్యుమోనియా 7.5 శాతం నుంచి 4.8 శాతానికి తగ్గింది, మరణాలు తగ్గలేదు. మూత్ర గొట్టాల ట్రయల్‌లో మామూలుదానికి 12.6 శాతం, వెండిదానికి 12.5 శాతం. అందులోనే పరీక్షించిన, నైట్రోఫ్యూరజోన్ అనే క్రిములను చంపే మందు పట్టించిన గొట్టానికి 10.6 శాతం వచ్చింది గానీ, ఆ తేడా పరిశోధకులు ముందే పెట్టుకున్న ప్రమాణానికి చాలలేదు, పైగా రోగులకు అసౌకర్యం ఎక్కువైంది. కొద్ది రోజులకే మూత్ర గొట్టం పెట్టే చోట వెండి కోసం అదనంగా డబ్బు పెట్టడానికి నాకు కారణం కనిపించడం లేదు.

## మార్గం 4: ఎముక సిమెంటులో మందు, లైన్‌లో నిలిపే ద్రావణం

కృత్రిమ కీలును అతికించే సిమెంటులో జెంటామైసిన్ కలపడం 1960ల చివర్లో హాంబర్గ్‌లో బుక్‌హోల్జ్ మొదలుపెట్టిన పద్ధతి. ఇప్పుడు చాలా దేశాల్లో మామూలైపోయింది. అయితే ఒక మందు బదులు రెండు మందులు, ఎక్కువ మోతాదు కలిపితే ఇంకా మేలా? తుంటి విరిగిన 4,936 మంది వృద్ధుల మీద జరిగిన వైట్ 8 ట్రయల్ 2023లో ఇచ్చిన జవాబు: ఒక మందుతో 1.7 శాతం ఇన్ఫెక్షన్లు, రెండు మందులతో 1.2 శాతం, తేడా నిరూపణ కాలేదు. మామూలు మోతాదు సిమెంటుతో ఆగడం తప్పు కాదు.

డయాలిసిస్ లైన్లకు వేరే దారి ఉంది. వాడకం లేని గంటల్లో లైన్ లోపల టౌరోలిడిన్ (క్రిములను చంపేది), హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఆపేది) కలిసిన ద్రావణాన్ని నింపి ఉంచుతారు. ఒక్క హెపారిన్‌తో పోలిస్తే రక్త ఇన్ఫెక్షన్ ముప్పు 71 శాతం తగ్గడంతో 2023 నవంబరులో ఎఫ్‌డీఏ దీనికి అనుమతి ఇచ్చింది. ఎక్కువకాలం ఉండే లైన్‌కు క్రిమి లోపలి గోడ వెంట వస్తుందని పైన చెప్పాను కదా, ఈ మందు సరిగ్గా ఆ దారికే కాపలా కాస్తుంది. దారికీ మందుకూ పొత్తు కుదిరిన ఉదాహరణ ఇది.

## మార్గం 5: అతుక్కోనివ్వని ఉపరితలాలు

షార్క్ చర్మాన్ని చూసి ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో ఆంథొనీ బ్రెన్నన్ రూపొందించిన సూక్ష్మ గరుకుతనం మీద స్టెఫైలోకాకస్ బయోఫిల్మ్ 21 రోజుల వరకు మొదలవలేదు. నునుపైన ఉపరితలం మీద రెండు వారాలకే అది ముదిరింది. ఇలకోడి (సికాడా) రెక్కల మీది నానో మొనలు సూడోమోనాస్ క్రిమి పొరను చీల్చి చంపుతాయని 2012లో తేలింది. కీటకాలను జార్చే మొక్కను చూసి హార్వర్డ్‌లో జొయానా ఐజెన్‌బర్గ్ బృందం 2011లో జారుడు ద్రవపు పూత తయారుచేసింది. ఇందులో మందు లేదు కాబట్టి మందుకు లొంగని క్రిముల భయం తక్కువ. నన్ను ఆకట్టుకునేది ఆ గుణమే.

కానీ మళ్లీ ఆ ప్రోటీన్ పొర సంగతికి రావలసిందే. ఆ షార్క్ చర్మపు నమూనాలోని రెండు మైక్రాన్ల గీతలను రక్తపు ప్రోటీన్లు, తెగిన కణాల ముక్కలు పూడ్చేస్తే? తాకి చంపే ఉపరితలం మీద చచ్చిన క్రిములే పేరుకుని తరువాతి వాటికి మెత్తని పరుపు అయితే? ఇవి ఊహలు కావు, ఈ రంగంలో పదేపదే ఎదురైన అడ్డంకులు. పైన చెప్పిన ట్రయల్స్ స్థాయిలో రోగుల్లో ఇన్ఫెక్షన్ తగ్గించిన రుజువు ఈ ఉపరితలాలకు ఇంకా రాలేదు. కొనేవారు ఆగాలి, పరిశోధించేవారు రావాలి.

## టీకాల గురించి ఒక్క మాట

స్టెఫైలోకాకస్ ఆరియస్‌కు టీకా ఉంటే ఈ చర్చే ఉండేది కాదు. గుండె శస్త్రచికిత్స రోగుల్లో పరీక్షించిన వీ710 టీకా ఇన్ఫెక్షన్లను తగ్గించలేదు సరికదా, టీకా పొందాక ఆ ఇన్ఫెక్షన్ సోకినవారిలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. వెన్నెముక శస్త్రచికిత్సల్లో పరీక్షించిన మరో టీకా ఫలితం లేదని మధ్యలోనే ఆగింది. ఇప్పుడు ఎంచుకోవడానికి ఇది మార్గం కాదు.

## ఒకచోట చేర్చి చూస్తే

| మార్గం | ఎక్కడ రుజువు బలంగా ఉంది | ఎక్కడ లేదు | మూల్యం |
|---|---|---|---|
| పద్ధతి, చర్మ శుద్ధి, త్వరగా తీసేయడం | సెంట్రల్ లైన్లు, వార్డుల్లోని మూత్ర గొట్టాలు | ఐసీయూలోని మూత్ర గొట్టాలు | నిరంతర శిక్షణ, సిబ్బంది |
| యాంటీబయోటిక్ పట్టించిన పరికరం | షంట్‌లు, ముప్పు ఎక్కువున్న పేస్‌మేకర్ మార్పులు, ఐసీయూ లైన్లు | నవజాత శిశువుల లైన్లు | మందుకు లొంగని క్రిములు, ధర |
| వెండి పూత | శ్వాస గొట్టాలు (న్యుమోనియా తగ్గింది, మరణాలు తగ్గలేదు) | మూత్ర గొట్టాలు, షంట్‌లు | ధర |
| మందు కలిపిన సిమెంటు | దీర్ఘకాల వాడకం ఉంది | రెండు మందుల పెద్ద మోతాదుకు అదనపు లాభం | లొంగని క్రిములు |
| లైన్‌లో నిలిపే ద్రావణం | డయాలిసిస్ లైన్లు | కొద్ది రోజులే ఉండే లైన్లకు వీటి అవసరం తక్కువ | ధర, ప్రతిసారీ సరిగా నింపే శ్రద్ధ |
| అతుక్కోనివ్వని ఉపరితలం | ప్రయోగశాల | రోగుల్లో పెద్ద ట్రయల్స్ | కాలం |

## మీరు ఆసుపత్రి తరఫున నిర్ణయించేవారైతే

ముందు మీ లెక్కలు మీరు చూసుకోండి: వెయ్యి కాథెటర్ రోజులకు ఎన్ని ఇన్ఫెక్షన్లు? ఆ సంఖ్య లేని చోట పూత కొనడం అర్థం లేని ఖర్చు, ఎందుకంటే తగ్గిందో లేదో ఎప్పటికీ తెలియదు. చర్మానికి ఏ ద్రావణం వాడుతున్నారు, లైన్ అవసరమా అని రోజూ ఎవరు అడుగుతున్నారు అన్నది తరువాతి ప్రశ్న. ఇవి గట్టిగా అమలైనా ఇన్ఫెక్షన్లు ఎక్కువగానే ఉంటే అప్పుడు ఐసీయూకు మందు పట్టించిన లైన్లు తీసుకురండి. షంట్‌ల విషయంలో మాత్రం ఈ వరుస పాటించనక్కర్లేదు, యాంటీబయోటిక్ షంట్‌కు రుజువు అంత స్పష్టంగా ఉంది. డబ్బు ఒక్కదానికే ఉందంటే, పూత కన్నా ఇన్ఫెక్షన్ నియంత్రణ నర్సు పోస్టు భర్తీకే నా ఓటు.

## మీకో మీవారికో పరికరం అమర్చబోతున్నారంటే

ఏ కంపెనీ పూత వాడతారని అడగడం కన్నా ఉపయోగపడే ప్రశ్నలు ఉన్నాయి. గొట్టం పెట్టిన రోజే "దీన్ని ఎప్పుడు తీస్తారు?" అని అడగండి, మరుసటి రోజూ మర్యాదగా మళ్లీ అడగండి. కీలు మార్పిడికో గుండె శస్త్రచికిత్సకో ముందు ముక్కులో స్టెఫైలోకాకస్ కోసం పరీక్ష చేస్తారా అని అడగండి. ఇంట్లో బ్లేడుతో ఆ భాగంలో జుట్టు తీసుకోకండి. చర్మం మీద కంటికి కనిపించని గాట్లు పడతాయి, జుట్టు తీయడం తప్పనిసరైతే క్లిప్పర్ వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మధుమేహం ఉంటే చక్కెర అదుపులోకి తెచ్చుకోవడం, పొగతాగడం ముందే మానడం, చర్మం మీద పుండు గానీ పంటి దగ్గర చీము గానీ ఉంటే దాచకుండా చెప్పడం ఇవన్నీ మీ చేతిలో ఉన్నవి.

పేస్‌మేకర్ బ్యాటరీ మారుస్తుంటే, లేదా ఒకసారి తెరిచిన చోటే మళ్లీ తెరుస్తుంటే, మందు సంచి గురించి డాక్టరుతో మాట్లాడవచ్చు. మొదటిసారి సాధారణ పేస్‌మేకర్ అయితే అది లేదని బెంగపడవద్దు. శస్త్రచికిత్స తరువాత రోజుల తరబడి యాంటీబయోటిక్ రాయమని ఒత్తిడి చేయకండి. కోతకు ముందు సరైన సమయంలో ఇచ్చిన మోతాదే అసలు పని చేస్తుంది. కీలు మార్పిడి జరిగినవారు పళ్ల చికిత్సకు వెళ్లిన ప్రతిసారీ ముందుగా యాంటీబయోటిక్ వేసుకోవడం సాధారణంగా అవసరం లేదని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2015లో చెప్పింది. కృత్రిమ గుండె కవాటం ఉన్నవారి సంగతి వేరు, వారు తప్పక డాక్టరును అడగాలి. నెలల తరువాతైనా గాయం దగ్గర ఎరుపు, చీము, కొత్తగా మొదలైన నొప్పి, కారణం తెలియని జ్వరం ఉంటే వెంటనే వెళ్లండి. బయోఫిల్మ్ ముదరక ముందు శుభ్రం చేస్తే కృత్రిమ కీలు నిలబడే అవకాశం ఉంటుంది, ఆలస్యమైతే తీయవలసి రావచ్చు.

## మీరు పరిశోధనాంశం వెతుకుతున్నారంటే

పదార్థాన్ని ముందు ఎంచుకుని తరువాత పరికరం వెతకడం ఈ రంగంలో చాలామంది చేసే పని. దాన్ని తిరగేయండి. ఒక పరికరాన్ని పట్టుకుని, దానికి క్రిమి ఏ దారిన, ఏ రోజున వస్తుందో తెలుసుకుని, ఆ దారికి సరిపోయే పదార్థాన్ని వెతకండి. వాటిని రోజూ పెట్టి తీసే నర్సులతో ఒక రోజంతా గడిపితే ప్రచురిత వ్యాసాల్లో దొరకని సంగతులు తెలుస్తాయి.

ప్రాథమిక ముప్పును ఇక్కడా మర్చిపోకండి. 1.2 శాతాన్ని 0.7కు తగ్గించిందని నిరూపించడానికి ఏడు వేల మంది కావలసి వచ్చారు. 6ను 2కు తగ్గించిందని నిరూపించడానికి 1600 మంది సరిపోయారు. మీ ఆవిష్కరణ ఎప్పటికైనా రోగి దాకా వెళ్లాలంటే ముప్పు ఎక్కువగా ఉన్న చోటు ఎంచుకోండి: మెదడు నీటిని బయటికి తీసే గొట్టాలు, బయటికి తెరుచుకున్న ఎముక విరుగుళ్లకు వేసే రాడ్లు, ఒకసారి విఫలమై మళ్లీ మార్చే కీళ్లు.

ప్రయోగాలను మొదటి రోజు నుంచే కఠినంగా పెట్టుకోండి. నమూనాను మనిషి ప్లాస్మాలోనో, మూత్ర గొట్టమైతే మూత్రంలోనో నానబెట్టాకే క్రిములను వేయండి. కోట్లలో కాకుండా వందల్లో వేయండి, ఆపరేషన్ గదిలో గాయం మీద పడేది అంతే. 24 గంటలతో ఆపకుండా పరికరం ఒంట్లో ఉండే కాలమంతా చూడండి. ఎముక కణాలో కండ కణాలో అదే ఉపరితలం మీద ఎదుగుతాయో లేదో పక్కనే పరీక్షించండి. క్రిమినీ కణాన్నీ రెండింటినీ తరిమే పూత కీలుకు పనికిరాదు. పరికరాన్ని క్రిమిరహితం చేసే శుద్ధి సంగతి చాలామంది చివరికి వాయిదా వేస్తారు. ఇథిలీన్ ఆక్సైడ్, గామా కిరణాలు, ఆవిరి వీటిలో ఏదో ఒకటి తట్టుకోని పూత ఏ ఆపరేషన్ థియేటర్‌లోకీ వెళ్లలేదు. గొట్టాన్ని చర్మంలోంచి తోసినప్పుడు రాపిడికి పూత ఊడుతుందేమో కూడా మొదటి ఏడాదే చూసుకోండి. నాలుగో ఏడాది చూస్తే అప్పటిదాకా పోగుచేసిన కల్చర్ లెక్కలన్నీ వేరే పదార్థంతో మళ్లీ మొదలుపెట్టవలసి వస్తుంది.